చివరి ఫారం లేని నవలలు

కృపావరమ్మ ఆరేళ్ళలో ఇరవై మూడు నవలలు చదివింది. వాటిలో ఒక్కదాని ముగింపు కూడా ఆమెకు అప్పటికి తెలియదు.

ఆమె మరిచిపోయి కాదు. ఆమె చేతికి వచ్చిన ఏ పుస్తకానికీ చివరి పేజీలు ఉండేవి కావు. గురజాల తాలూకాలో ఉంది ఆ ఊరు. పేరు రాయను. రాస్తే ఆ ఒక్క ఊరిదే తప్పనుకుని పక్క ఊళ్ళవాళ్ళు హాయిగా ఉంటారు. ఊరి నడుమ గ్రంథాలయం ఉంది. గోడ మీద నీలిరంగు అక్షరాలతో "అందరికీ ప్రవేశం కలదు" అని రాయించారు. కృపావరమ్మకు మాత్రం ప్రవేశం మెట్టు దాకానే. కిరస్తానీల పల్లె నుంచి ఆదివారం ప్రార్థన అయ్యాక నడిచి వచ్చి, అరుగు కింది మెట్టు దగ్గర నిలబడేది. కార్యదర్శి రామబ్రహ్మం గారు లోపలి నుంచి ఒక పుస్తకం తెచ్చి అరుగు అంచున పెట్టి, రెండడుగులు వెనక్కి వేసేవారు. అప్పుడామె తీసుకునేది. ఎండాకాలం ఆ మెట్టు నాపరాయి కింద నిప్పు పెట్టినట్టుండేది. లోపల బల్లల మీద కూర్చున్న సభ్యులు పత్రికలోంచి తల ఎత్తకుండానే కాళ్ళు కొంచెం లోపలికి ముడుచుకునేవారు.

ఆరేళ్ళు అలా నిలబడింది. ఎవరితోనూ పేచీ పెట్టుకోలేదు. "ఇదన్నా ఇస్తన్నారు, అదే పదివేలు" అనుకునేది.

ఆమెకు ముప్ఫై దాటి రెండు మూడేళ్ళుంటాయి. మిషను బడిలో అయిదో తరగతి చదివింది. భర్త ఐజాక్ మాచర్ల దగ్గర నాపరాళ్ళ గనిలో పని. నెలకొకసారి, రెండుసార్లు ఇంటికి వస్తాడు. ఈమె ఊళ్ళో రాఘవయ్య గారి కొట్టంలో వేరుశనక్కాయలు వొలిచే పనికి పోతుంది. చదివే అలవాటు ఎలా వచ్చిందంటే, పొట్లాలు చదివి వచ్చింది. బెల్లం కట్టిచ్చిన కాగితమైనా సరే, ఉప్పు కట్టిచ్చిన కాగితమైనా సరే, రెండు వైపులా చదవనిదే పారెయ్యదు. పొట్లాల కాగితాలతో తనివి తీరక 1941లో గ్రంథాలయానికి వెళ్ళి, సభ్యత్వానికి దరఖాస్తు ఫారం అడిగి తెచ్చుకుంది. నింపి ఇచ్చింది. ఫారం కింద రెండు గళ్ళున్నాయి. ఇప్పటికే సభ్యులుగా ఉన్నవాళ్ళిద్దరు ఆ గళ్ళలో సంతకం చేయాలి, ఆ పైన కమిటీ ఒప్పుకోవాలి.

"సంతకాల సంగతి నాకొదిలెయ్యమ్మా" అన్నారు రామబ్రహ్మం గారు.

ఆయన మాట నమ్మడానికి ఆమెకు కారణాలున్నాయి. ఆయన ఖద్దరు కడతారు. జైలుకు వెళ్ళి వచ్చారు. అంటరానితనం మీద ఉపన్యాసమంటే తాలూకాలో ఆయన పేరే చెప్పేవారు. ఊళ్ళో ఆమెను 'అమ్మా' అని పిలిచే పెద్దమనిషి ఆయన ఒక్కడే. ఫారం కమిటీలో తేలేదాకా ఆయనే ఒక ఏర్పాటు చేశారు. చినిగిపోయిన పుస్తకాలను జాబితాలోంచి కొట్టేస్తారు గదా, వాటిని ఆమెకు ఇవ్వవచ్చునని కమిటీని ఒప్పించారు. పల్లెకు పోయిన పుస్తకం మళ్ళీ ఊళ్ళో బీరువా ఎక్కదు. కాబట్టి తిరిగి తెచ్చే పని లేదు. అలా ఒక్కొక్కటే ఆమె ఇంటి కొయ్యపెట్టెలో చేరాయి.

ప్రతి పుస్తకం చివరా పదహారు పేజీలు లేవు. చదివి చదివి పుస్తకాలు అలాగే చినుగుతాయేమో అనుకుంది. పూర్తి పుస్తకాన్ని చేత్తో పట్టుకుని ఎరగదు మరి.

ఆమె ఒక్కతే చదువుకుని ఉంటే ఈ కథ ఇంత దూరం వచ్చేది కాదు. కాయలు వొలిచే కొట్టంలో పది పన్నెండు మంది ఆడవాళ్ళుంటారు. ఒకరు చదువుతుంటే వాళ్ళ చేతి పని ఆగిపోతుంది. అందుకని ఒక కట్టుబాటు చేసుకున్నారు. కృపావరమ్మ చదివినంతసేపూ తక్కినవాళ్ళు వొలిచిన గింజల్లోంచి తలా ఒక దోసెడు ఆమె చేటలో పోస్తారు. దానికి "కథ దోసిలి" అని పేరు పెట్టుకున్నారు. ఎవరైనా దోసిలి తక్కువ పోస్తే, పక్కనున్న ధనమ్మ ఊరుకునేది కాదు. "ఏమే, కథ నిండా వింటివి, దోసిలి సగం పోస్తివి. చెవులు కూడా సగమే తెచ్చుకోకపోయినావా?" అనేది.

అక్కడ చదివిన నవలల్లో సుశీల నవల ఒకటి. రంగూను పోయి జాడ తెలియకుండా పోయిన అన్న కోసం సుశీల అనే ఆడపిల్ల ఒక్కతే బయల్దేరుతుంది. కాకినాడ రేవులో ఓడ ఎక్కుతుంది. ఎక్కడెక్కడో తిరుగుతుంది. చివరికి ఒక పడవవాడు ఆమె చేతికి ఒక ఉత్తరం ఇస్తాడు. నూట డెబ్భై ఆరో పేజీ అడుగున "ఆ ఉత్తరం విప్పి చూడగానే సుశీల" అని ఉంది. అక్కడితో పుస్తకం అయిపోయింది.

"చూడగానే?" అంది ధనమ్మ.

"అంతే. కాగితం లేదు."

"కాగితం లేకపోతే ఆ పిల్ల యాడికి పోయిందే? ఏడ్చిందో, పడిపోయిందో, ఏదో ఒకటి జెయ్యాల గదా!"

"అన్న చచ్చిపోయినాడని రాసుంటది" అంది పిచ్చమ్మ. కొట్టంలో అందరికంటే పెద్దది ఆమె.

"ఏందత్తా, నీ చేతిలో పడ్డోళ్ళెవరూ బతకరా? పోయిన పుస్తకంలో పిల్లగాణ్ణి జంపితివి. అంతకుముందు దాంట్లో ముసిలాణ్ణి జంపితివి."

"నేను జంపిందేందే? కాలం అట్టాంటిది."

"కాలమూ లేదు, ఏమీ లేదు. ఆ అన్న రంగూన్లో ఇంకోదాన్ని కట్టుకుని చానా సుఖంగా ఉండాడు. ఈ పిచ్చిది ఊళ్ళన్నీ పట్టుకుని తిరగతా ఉంది. అదీ ఉత్తరం."

ఆ ఉత్తరంలో ఏముందన్నది మూడు నెలలు నడిచింది. కాయలు అయిపోయాక మిరపచేలో కూడా నడిచింది. ఎవరికీ తెలియదు. తెలియదు కాబట్టే ఎవరైనా చెప్పవచ్చు. పుట్టిన దగ్గర నుంచి తమ బతుకులో రేపేం జరుగుతుందో ముందే తెలిసినవాళ్ళు వాళ్ళంతా. రేపూ అదే కొట్టం, అదే చేట, అదే తిట్టు. అలాంటివాళ్ళు ఒక కల్పిత మనిషి చేతిలో ఉన్న ఉత్తరం ముందు కూర్చుని, ఇలా అయి ఉండవచ్చు, అలా అయి ఉండవచ్చు అని ఊహించడం మొదలుపెట్టారు. పాస్టరు గారు ఆదివారం ప్రసంగంలో నవలలు అబద్ధాల మూటలని చెబితే, పిచ్చమ్మ కొట్టానికి వచ్చి, "అబద్ధమైతే మరి నా ఏడుపు నిజమెట్టా అయింది?" అని అడిగింది.

"ఇంకో రకంగా అయితే ఏందంట?" అన్న మాట కొట్టంలో ఊతపదమైపోయింది. గింజలు నోట్లో వేసుకుని బయటికి పోతారని, పని జరిగినంతసేపూ మేస్త్రీ తలుపుకు బయట గడియ పెట్టేవాడు. అది ఎప్పటి నుంచో ఉన్న ఆచారం. ఒకనాడు ధనమ్మ లోపలి నుంచే కేకేసింది. "మేస్త్రీ, ఈ గడియ పెట్టకపోతే ఏందంట?" మర్నాడు పన్నెండుమందీ గడియ తీస్తేగాని కాయ ముట్టబోమన్నారు. విత్తనానికి వొలిచే కాయలవి, అదను మించిపోతున్నది. మేస్త్రీ గడియ తీశాడు. తర్వాత మళ్ళీ పెట్టలేదు.

ఇదంతా కృపావరమ్మ మెట్టు కింద నిలబడి రామబ్రహ్మం గారికి చెప్పింది. సంతోషం పట్టలేక ఇంకో మాట కూడా అంది. "చివర లేకపోవటం ఒకందుకు మంచిదే అయ్యా. పదిమందిమి పది రకాలుగా అనుకుంటన్నాం."

ఆయన చాలా మెచ్చుకున్నారు. ఆ మాట సత్తెనపల్లి సభలో, నరసరావుపేట సభలో ఉపన్యాసాల్లో చెప్పారు. "మా ఊళ్ళో ఒక హరిజన సోదరి ఉన్నది..." అని మొదలయ్యేది ఆ ఉపన్యాసం. జనం చప్పట్లు కొట్టేవారు. ఏటా ఆమె "నా ఫారం ఏమైందయ్యా?" అని అడిగేది. ఏటా ఆయన "కమిటీలో ఉందమ్మా" అనేవారు.

1947 వేసవిలో ఒకనాడు జైనాబ్ బీ అంగట్లో బెల్లం కొని తెచ్చుకుంది. ఇంట్లో పొట్లం విప్పి, కాగితం అలవాటుగా మొదటి నుంచి చదవబోయింది. పైన నూట డెబ్భై ఏడు అని పేజీ అంకె. మొదటి మాట "నవ్వింది."

ఆమెకు ముందు అర్థం కాలేదు. రెండో వాక్యంలో సుశీల పేరు కనిపించింది. లేచి పెట్టెలోంచి పుస్తకం తీసి, నూట డెబ్భై ఆరో పేజీ పక్కన ఆ కాగితం పెట్టింది. "ఆ ఉత్తరం విప్పి చూడగానే సుశీల నవ్వింది."

ఏడ్చిందని, మూర్ఛపోయిందని, చించి పారేసిందని, కృష్ణలో దూకిందని కూడా అన్నారు. నవ్విందని ఒక్కరూ అనలేదు! ఎందుకు నవ్విందో వెనక పేజీలో ఉంటుందని తిప్పింది. ఉత్తరం మడిచి దాచుకుందని, అందులో ఏముందో పడవవాడు అడిగినా చెప్పలేదని ఉంది. అక్కడికి ఆ ఆకు అయిపోయింది. తర్వాతి ఆకు కోసం చెప్పులు కూడా వేసుకోకుండా అంగడికి పరుగెత్తింది.

"ఏందమ్మా, బెల్లంలో ఇసకొచ్చిందా?" అంది జైనాబ్ బీ.

"బెల్లం సంగతి కాదు బీబమ్మా. ఈ కాగితం తరవాతి కాగితం ఎవరికి కట్టిచ్చినావు?"

జైనాబ్ బీ, "కాగితానికెవురన్నా లెక్క పెడతారా? నిన్న చింతపండు కట్టినా, మొన్న ధనియాలు కట్టినా. యుద్ధమైపోయినా ఈ కాగితం కరువు తీరలా. ఏది దొరికితే అది కడతన్నా. ఇంకా ఉండయ్ చూసుకో" అని బల్ల కింద నుంచి ఒక కట్ట తీసి ముందు పడేసింది.

కట్టలో ఏడు భాగాలున్నాయి. ఒక్కొక్కటీ పదహారు పేజీలు. అన్నీ నవలల చివరలే. ఆమె చదివిన నవలల చివరలు. ఒక్క కాగితానికి కూడా మరక లేదు, మడత లేదు. చదివి చదివి నలిగిన కాగితాలు కావవి. కుట్టు దగ్గర గీత గీసినట్టు తెగి ఉన్నాయి.

"ఇవి నీకు యాడివి?"

"రామబ్రహ్మం గారింటి నుంచొస్తయ్. పోగుజేసి పంపిచ్చి ఉప్పుకో, మిరియాలకో మార్చుకుంటారు. పదారు పేజీల్ని ఒక ఫారం అంటారంట, ఆయనే చెప్పినాడు. ఏమైంది? నీళ్ళు దాగుతావా?"

కృపావరమ్మ నీళ్ళు తాగలేదు. ఆ ఏడు ఫారాలూ కొంగులో మూటగట్టుకుంది. మిగతా పదహారు నవలల చివరలూ అప్పటికే ఊళ్ళో పొయ్యిల్లోకి పోయాయి. సుశీల ఎందుకు నవ్విందో కూడా వాటితోనే పోయింది.

ఆదివారం మెట్టు దగ్గరికి వెళ్ళింది. రామబ్రహ్మం గారు నవ్వుతూ కొత్త పుస్తకంతో వచ్చారు.

"నా ఫారం సంగతి అడగటానికొచ్చానయ్యా."

"కమిటీలో ఉందమ్మా. వచ్చే నెలలో తప్పకుండా..."

"ఆ ఫారం కాదయ్యా. ఈ ఫారాలు."

మూట విప్పి, ఆయన ఎప్పుడూ పుస్తకం పెట్టే చోట అరుగు అంచున పెట్టింది. ఆయన ఒకసారి లోపలి బల్లల వైపు చూసి, గొంతు తగ్గించారు.

"నెమ్మదిగా మాట్లాడమ్మా. ఇది నీ మేలు కోరి చేసిన పనే. మంచి పుస్తకం పల్లెకు పంపుతానంటే అధ్యక్షుడు వెంకట్రామయ్య గారు ఒప్పుకుంటారా? చినిగిందని రాస్తే తప్ప జాబితాలోంచి కొట్టెయ్యనివ్వరు. పుస్తకాలు వాటంతట అవి చినగవు గదా. అందుకని చివరి ఫారం నేనే కోశాను. మిగతా పుస్తకం చెడకుండా, బ్లేడుతో, ఎంత జాగ్రత్తగా కోశానో చూడు."

"చూశానయ్యా. చానా జాగ్రత్తగా కోశారు."

"మరి? లేకపోతే నీకు ఇన్ని నవలలు ఎవరిచ్చేవారు?"

"ఆరేళ్ళ కింద నేనిచ్చిన ఫారం కమిటీలో పెట్టారా అయ్యా?"

ఆయన చేతిలోని కొత్త పుస్తకం అట్ట తుడవసాగారు.

"పెట్టలేదా?"

"పెడితే గొడవవుతుందమ్మా. గ్రంథాలయమే మూసేస్తారు. దేనికైనా సమయం రావాలి."

"పోనీ, దాని మీద మీ సంతకమన్నా చేశారా?"

దానికి ఆయన పిల్లలకు నచ్చజెప్పేటప్పుడు నవ్వినట్టు నవ్వారు. "నువ్వే అన్నావు గదా, చివర లేకపోవటమే మంచిదని!"

ఇదంతా నాకు చెప్పింది కృపావరమ్మే. ఈ మాట దగ్గరికొచ్చి, వెంకట్రామయ్య చెయ్యి చేసుకున్నా ఇంత బాధపడేదాన్ని కాదంది. అతని దగ్గర ఆమె ఏమీ ఆశించలేదు.

ఆ కొత్త పుస్తకం ఆమె తీసుకోలేదు. కొట్టంలో ఏడు ఫారాలూ చదివి వినిపించింది. మూడు నవలల్లో పెళ్ళిళ్ళయ్యాయి. ఒకదాంట్లో దొంగ మారిపోయాడు. "ఇదా? దీనికంటే మన పిచ్చమ్మత్త చంపిందే బాగుంది" అంది ధనమ్మ. అందరూ నవ్వారు. కృపావరమ్మ నవ్వలేదు. "బాగుందో బాగాలేదో, చదివి కాదనాల్సింది మనం. మన తరఫున ఆయన కాదన్నాడు" అంది.

మన ఊళ్ళల్లో దయగలవాళ్ళు తరచూ చేసే మోసం ఇది. నవల చదివేవాడికి తర్వాతి పేజీలో ఏముందో తెలియదు. ఆ తెలియకపోవడంతో స్నేహం చేయడం, భయపడకుండా దాని పక్కన కూర్చుని "ఏమవుతుందో చూద్దాం" అనడం నవల నేర్పుతుంది. ఆ పన్నెండుమంది ఆడవాళ్ళు దాన్ని కాలేజీల్లో చదువుకున్నవాళ్ళకంటే బాగా నేర్చుకున్నారు. అది వాళ్ళ గొప్ప. దాన్ని తన బ్లేడు గొప్పగా చెప్పుకునే హక్కు రామబ్రహ్మం గారికి లేదు. పుస్తకం చేతిలో ఉండి, చివర తిప్పి చూడకుండా ఆగడం వేరు. చివర కోసేసి, తెలియకపోతేనే నీకు సుఖమని చెప్పడం వేరు. కమిటీకి ఎదురు నిలబడటానికి ధైర్యం చాలలేదని ఆయన మొదటి ఏడే ఆమెతో ఒప్పుకుని ఉంటే, ఆమె క్షమించేది. ఆ మాట ఆమే అంది.

మరుసటి ఏడు ఉగాదికి గ్రంథాలయ వార్షికోత్సవం. పందిరి వేశారు. రామబ్రహ్మం గారు స్వరాజ్యం గురించి, అందులో అందరూ సమానులు కావడం గురించి మాట్లాడారు. "హరిజన సోదరి" కూడా ఆ ఉపన్యాసంలో వచ్చింది. అధ్యక్షుడు వెంకట్రామయ్య లేచి, సభ్యులకు సందేహాలుంటే అడగవచ్చునన్నాడు. పందిరి చివర ధనమ్మ, పిచ్చమ్మలతో నిలబడి ఉన్న కృపావరమ్మ చెయ్యెత్తింది.

"నేను 1941లో సభ్యత్వానికి ఫారం ఇచ్చానయ్యా. అదేమైందో సభలో చెప్పండి."

"ఏమే, ఇదా సమయం?" అన్నాడు వెంకట్రామయ్య. "అసలు నువ్వు కిరస్తానీవి. హరిజనుల కింద రావు. మీకు మిషను బడి ఉంది గదా, ఆడ అడుక్కో."

"మెట్టు కింద నిలబెట్టినప్పుడు కిరస్తానీ అని గుర్తు రాలేదా అయ్యా?" అంది వెనక నుంచి ధనమ్మ. ఎవరో కిసుక్కున నవ్వి, వెంటనే దగ్గారు.

వెంకట్రామయ్య ముఖం ఎర్రబడింది. "ఇద్దరు సభ్యుల సంతకాలు లేనిదే ఫారం చెల్లదు. రూలు రూలే."

"నేనూ రూలే అడగతన్నానయ్యా. కొత్త ఫారం రాసి తెచ్చుకున్నా. ఇద్దరు సంతకాలు జెయ్యండి."

కాగితం పట్టుకుని పందిరి కింద నడిచింది. ఆనాటికి గ్రంథాలయానికి నూట పన్నెండుమంది సభ్యులు. సభలో ఎనభైమందికి తక్కువ లేరు. ఒకాయన చెయ్యి జేబులోని పెన్ను దాకా వెళ్ళి, అక్కడే గుండీ సర్దుకుని కిందికి దిగింది. ఆమె వేదిక దాకా వెళ్ళి రామబ్రహ్మం గారి ముందు ఆగింది. పెన్ను ఆయన చేతిలోనే ఉంది. తన ఉపన్యాసం కాగితాలను వరుస సరిచూసుకుంటూ ఉండిపోయారు. ఆమె ఎంతసేపు నిలబడిందో నాకు చెప్పలేదు. పిచ్చమ్మ వచ్చి, "పద బిడ్డా, ఈళ్ళకు చేతులు లేవు" అని భుజం మీద చెయ్యి వేసి తీసుకుపోయింది.

ఏడాది దాటింది. కృపావరమ్మ ఆ మెట్టు దగ్గరికి మళ్ళీ వెళ్ళలేదు. కొట్టంలో ఈ వేసవి పుస్తకం లేదు. వెంకట్రామయ్య అధ్యక్షుడుగానే ఉన్నాడు. రామబ్రహ్మం గారి ఉపన్యాసాలకు ఇంకా పిలుపులు వస్తున్నాయి. కొత్తగా వచ్చిన గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ పన్ను కూడా వసూలు చేస్తారంటున్నారు. పల్లెలోని ఇళ్ళను ఆ పన్ను నుంచి విడిచిపెడతారని మాత్రం ఎవరూ అనడం లేదు.

చదివేవాళ్ళను ఒక్క పని అడుగుతున్నాను. జాలిపడమని అడగడం లేదు. మీ చినిగిన పుస్తకాలు పంపమని అసలే అడగడం లేదు. వచ్చే ఆదివారం మీ ఊరి గ్రంథాలయానికి వెళ్ళి సభ్యుల జాబితా తీయించండి. పేర్లన్నీ ఏ వీధులవో చూడండి. ఏ వీధి పేరు లేదో ఆ వీధికి వెళ్ళండి. చదవాలని ఉన్న మనిషి అక్కడ తప్పకుండా ఉంటుంది, ఉంటాడు. వెంటబెట్టుకుని మెట్లెక్కి లోపలికి తీసుకురండి. ఫారం మీద మొదటి సంతకం మీరు చేయండి. రెండోది మీ పక్కన కూర్చుని పత్రిక చదువుతున్నాయన చేత చేయించండి. కమిటీ కుదరదంటే, నోటిమాటతో ఒప్పుకోకండి. ఎందుకు కుదరదో కాగితం మీద రాసి, కింద పేర్లు పెట్టి ఇమ్మనండి. ఆ కాగితాన్ని గోడ మీద అందరికీ కనిపించేలా మీ చేత్తోనే అంటించండి.